పుట్టేనాటికే పాతది

1989 ఏప్రిల్ 21న జపాన్ దుకాణాల్లో తొలిసారి కనిపించిన రోజుకే నింటెండో వాళ్ల చేతి వీడియో గేమ్, గేమ్ బాయ్, పాత సరుకు. దాని ప్రాసెసర్ వంశం 1970ల దగ్గర మొదలవుతుంది. తెర మీద రంగుల్లేవు. పసుపు తిరిగిన ఆకుపచ్చలో నాలుగు ఛాయలు, అంతే. తెర వెనక దీపం కూడా లేదు, చీకటి పడితే ఏ బల్బు కిందికో చేరాల్సిందే. అదే ఏడాది అమెరికాలో అటారీ కంపెనీ లింక్స్ అనే చేతి వీడియో గేమ్‌ని దించింది. దానికి రంగులున్నాయి, తెర వెనక వెలుగుంది, బొమ్మల్ని ఆడుతుండగానే పెద్దవీ చిన్నవీ చేసే సత్తా ఉంది. మరుసటి ఏడు సెగా వాళ్ల గేమ్ గేర్ వచ్చింది. దానికీ రంగులే, దానికీ వెలుగే. కాగితం మీద మార్కులు వేసేవాడెవడైనా గేమ్ బాయ్‌ని మొదటి పేజీలోనే తప్పించేవాడు. కానీ లెక్క తేలేసరికి, తర్వాత వచ్చిన గేమ్ బాయ్ కలర్‌తో కలిపి, ప్రపంచమంతటా 11.87 కోట్ల పెట్టెలు అమ్ముడయ్యాయి. పోటీకొచ్చిన రెండింటి పేర్లూ ఇవాళ చెబితే గుర్తుపట్టేవాళ్లే తక్కువ.

ఈ లెక్క నాకు వ్యాపార విషయంగా పట్టలేదు. నేను ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకునే మనిషిని. కొత్త, పాత అన్న రెండు మాటల మధ్యే నా ఉద్యోగం నలుగుతుంటుంది. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు లేచి, "సార్, ఇది అవుట్‌డేటెడ్ కదా, ఇంకా ఎందుకు చదవాలి?" అని అడుగుతారు. ఆ అడిగేది 8085 మైక్రోప్రాసెసర్ గురించి. ఇంటెల్ కంపెనీ 1976లో తెచ్చిన ఆ చిప్పు మన దేశంలో కొన్ని తరాల ఇంజనీర్లకు ఓనమాలు దిద్దించింది. ల్యాబ్‌లో ఆకుపచ్చ బోర్డు మీద మీటలు నొక్కి రెండు అంకెలు కూడితే, ఎర్రటి అక్షరాల్లో జవాబు వెలుగుతుంది. జేబులో అంతకు ఎన్నో లక్షల రెట్లు బలమైన యంత్రం పెట్టుకుని వచ్చిన పిల్లకు అది వింతగా ఉండదు, విసుగ్గా ఉంటుంది. "ఇది పునాదమ్మా" అని చెప్పేవాణ్ణి. ఆ జవాబు వాళ్లకూ ఆనేది కాదు, నాకూ ఆనేది కాదు.

అలాంటి రోజుల్లోనే గేమ్ బాయ్ నా చేతికొచ్చింది. న్యూజెర్సీలో పుట్టి పెరిగిన మా పెద్దమ్మ కొడుకు ఓసారి విజయవాడ వస్తూ దాన్ని సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి తెచ్చాడు. ఇల్లు మారుతుంటే అటక మీద దొరికిందట. "పారేయడానికి మనసొప్పలేదు, తమ్ముడూ. నువ్వైతే విప్పి చూసుకుంటావని తెచ్చాను" అన్నాడు. బూడిదరంగు పెట్టె, రెండు ముదురు గులాబీ బొత్తాలు, ఎడమ బొటనవేలి కింద నల్లటి ప్లస్ గుర్తు. దాన్ని పట్టుకున్నప్పుడు అన్నయ్య మొహంలో పదేళ్ల పిల్లాడు కనిపించాడు. నా మొహంలో మాత్రం ఎవరూ కనిపించి ఉండరు. ఎందుకంటే అది నా చిన్నతనం కాదు.

మా ఊళ్లలో మా తరానికి చేతి వీడియో గేమ్ అంటే బ్రిక్ గేమ్. తిరునాళ్లలో, ఎగ్జిబిషన్లలో, బస్టాండు కొట్లలో దండలకు వేలాడేది. పైన "9999 ఇన్ 1" అని రాసి ఉండేది. లోపల ఉన్నవి ఇటుకలు పేర్చడం, కారు రేసు, ట్యాంకుల యుద్ధం, పాము, బంతితో గోడ పగలగొట్టడం, అలాంటివే ఇంకొన్ని. ఒకే ఆటను వేగం పెంచి ఒకటిగా, మొదట్లోనే నాలుగు వరసలు నింపేసి ఇంకొకటిగా లెక్కవేస్తే తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది వచ్చేవి. ఆ గణితం మాకెవరికీ అభ్యంతరం కాలేదు. పెన్సిల్ సెల్లులు నీరసిస్తే ఎండలో పెట్టేవాళ్లం, పంటితో నొక్కేవాళ్లం. కరెంటు పోయిన రాత్రి కొవ్వొత్తి దగ్గర తెరను వాలుగా పట్టుకుని ఆడేవాళ్లం.

ఆ ఇటుకల ఆట అసలు పేరు టెట్రిస్ అనీ, 1984లో మాస్కోలోని సోవియట్ సైన్సెస్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో అలెక్సీ పజిత్నోవ్ దాన్ని తయారుచేశాడనీ మాకు తెలియదు. చేతిలో పట్టుకుని ఆడే యంత్రానికి దాని హక్కులు సంపాదించడానికి 1989 ఫిబ్రవరిలో హెంక్ రోజర్స్ అనే ఆయన మాస్కో వెళ్లి, సోవియట్ ప్రభుత్వ సంస్థ గుమ్మం ఎక్కి బేరమాడాడనీ తెలియదు. అమెరికాలో గేమ్ బాయ్ పెట్టెతోపాటే ఆ ఆటనూ కలిపి అమ్మారు. మా తిరునాళ్ల పెట్టెకు ఏ ఒప్పందమూ లేదు, ఏ సంతకమూ లేదు. అయినా ఓ చిత్రం చెప్పాలి. బ్రిక్ గేమ్ తెర మీద అడ్డంగా పది గళ్లు, నిలువుగా ఇరవై. గేమ్ బాయ్ తెర ఎత్తు 144 చుక్కలు, ఒక్కో ఇటుక 8 చుక్కలు, కాబట్టి అక్కడ పద్దెనిమిది వరసలే పట్టాయి. న్యూజెర్సీ అన్నయ్య కన్నా మాకు రెండు వరసలు ఎక్కువ గాలి ఉండేదన్నమాట.

ఇదంతా ఎందుకంటే, గేమ్ బాయ్‌ని ముద్దుచేయడానికి నాకు జ్ఞాపకాల సాకు లేదు. ఇవాళ పాత ఆటపెట్టెల చుట్టూ పెద్ద బజారు నడుస్తోంది. అందులో సగం అమ్మకం బాల్యానిది. నాది కాని బాల్యాన్ని చేతిలో పెట్టుకున్నాను గనుక, యంత్రాన్ని యంత్రంగానే చూసే వీలు దొరికింది. చూడగా చూడగా తట్టిన ప్రశ్న ఒకటే: వెనకబడి పుట్టిన ఈ వస్తువు ఎందుకు వెనకబడిపోలేదు?

జవాబు కోసం దాన్ని తీర్చిదిద్దిన మనిషి దగ్గరికి పోవాలి. గుంపెయ్ యోకోయ్ 1941లో క్యోటోలో పుట్టాడు, ఎలక్ట్రానిక్స్ చదివాడు, 1965లో నింటెండోలో చేరాడు. అప్పటికి ఆ కంపెనీ ప్రధానంగా పేకముక్కలు అచ్చువేసేది. ఆయన ఉద్యోగం ఆ పేకముక్కల యంత్రాలు ఆగిపోకుండా చూసుకోవడం. తీరిక దొరికినప్పుడు సరదాగా, దూరంగా ఉన్న వస్తువును అందుకునేలా సాగే చెయ్యి ఒకటి చేసుకున్నాడు. అది అధ్యక్షుడు హిరోషి యమౌచి కంటబడింది. చీవాట్లు పడాల్సిన చోట, దాన్నే బొమ్మగా చేసి అమ్ముదామన్న ఆదేశం వచ్చింది. 1966లో అల్ట్రా హ్యాండ్ పేరుతో వచ్చిన ఆ బొమ్మ పది లక్షలకు పైగా అమ్ముడైంది. మరమ్మతు మనిషి బొమ్మల మేస్త్రీ అయ్యాడు.

మరమ్మతు చేసినవాడికి ఓ లక్షణం ఉంటుంది. ఏ భాగం ఎప్పుడు మొరాయిస్తుందో వాడికి తెలుసు, అందుకే మెరుపు చూసి మోసపోడు. యోకోయ్ తన పద్ధతిని ఒక సూత్రంగా చెప్పుకునేవాడు. అందరూ వాడి వాడి నలగ్గొట్టిన, చౌకబడిన, లోటుపాట్లన్నీ బయటపడిపోయిన సాంకేతికతను తీసుకో. దాన్ని ఎవరూ ఊహించని పక్కదారిలో పెట్టు. ఓ రోజు బుల్లెట్ రైల్లో ఓ ఉద్యోగి పొద్దుపోక క్యాలిక్యులేటర్ మీటలు నొక్కుతూ కూర్చోవడం ఆయన చూశాడు. అప్పటికి క్యాలిక్యులేటర్ కంపెనీల పోటీలో ఆ చిన్న తెరలు బాగా చౌకబడ్డాయి. ఆ చూపు నుంచి 1980లో గేమ్ అండ్ వాచ్ వచ్చింది, గడియారమే ఆట అయింది. 1982లో ఆ వరసలోనే డాంకీ కాంగ్ ఆటకు ఆయన ప్లస్ ఆకారపు మీట పెట్టాడు. ఇవాళ ఏ ఆటయంత్రం ఎడమ చేతి వైపు చూసినా దాని వారసులే. గేమ్ బాయ్ ఆయన ఒక్కడి కష్టమే కాదు, లోపలి ఇంజనీరింగ్‌లో సతోరు ఒకాడాది పెద్ద చెయ్యి. కానీ ఏది వదులుకోవాలన్న తీర్మానం మీద యోకోయ్ ముద్ర స్పష్టంగా కనిపిస్తుంది. పోటీ కంపెనీ వాళ్లు చేతి ఆటపెట్టె తెస్తున్నారని సహోద్యోగి కంగారుగా వచ్చి చెబితే, రంగుల తెరా కాదా అని మాత్రమే అడిగాడట. రంగులేనని తెలిశాక, అయితే మనకేం భయం లేదన్నాడట.

ఆ ధీమా మన ఇళ్లలో బియ్యం కొనే పెద్దవాళ్లకు తెలిసిందే. కొత్త బియ్యం తెల్లగా మెరుస్తాయి, వండితే ముద్దవుతాయి, పొట్టకు బరువు. ఏడాది నిలవ పెట్టిన బియ్యం పొడిపొడిగా, గింజకు గింజ విడిగా ఉడుకుతాయి. కొలత తెలిసిన ఇల్లాలు పాత బియ్యానికి రెండు రూపాయలు ఎక్కువే ఇస్తుంది. పాతది కొనడం పిసినారితనం కాదు, ఆ గింజ ఎలా ఉడుకుతుందో ముందే తెలియడం.

రంగుల తెరకు, దాని వెనక దీపానికి ఎంత కరెంటు కావాలో యోకోయ్‌కి తెలుసు. గేమ్ గేర్‌కి ఆరు పెన్సిల్ సెల్లులు వేస్తే మూడు నుంచి అయిదు గంటలు ఆడేది. గేమ్ బాయ్ నాలుగింటితో పది గంటలకు పైగా లాగేది. కారులో వెనక సీట్లో కూర్చున్న పిల్లాడికి, సెల్లులు కొనిపెట్టే తండ్రికి ఆ తేడా రంగుల కన్నా పెద్దది. ధర సంగతీ అంతే. అమెరికాలో గేమ్ బాయ్ 89.99 డాలర్లు, లింక్స్ దాదాపు 180. పైగా వెనక దీపం లేని తెరకు ఓ గుణముంది. ఎండలో అది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. మే నెల మధ్యాహ్నం మా వరండాలో నేను ఫోన్ తెర మీద ఏముందో కళ్లు చికిలించినా చూడలేను. గేమ్ బాయ్ మాత్రం అచ్చు పుస్తకంలా చదువుకోవచ్చు. బెజవాడ ఎండకు పనికొచ్చే ఆటపెట్టె క్యోటోలో తయారైందని అప్పుడెవరికి తెలుసు!

నన్ను ఎక్కువ కదిలించింది మాత్రం లోపలి ప్రాసెసర్. షార్ప్ కంపెనీ చేసిన ఆ ఎనిమిది బిట్ల చిప్పు ఇంటెల్ 8080కీ, జైలాగ్ జెడ్80కీ దగ్గరి చుట్టం. దాని రిజిస్టర్ల పేర్లు ఏ, బి, సి, డి, ఇ, హెచ్, ఎల్. 8085 ల్యాబ్‌లో నా విద్యార్థులు విసుక్కుంటూ రాసుకునేవి అవే పేర్లు. హెచ్, ఎల్ జంటను చిరునామాగా పట్టుకుని మెమరీలోకి వెళ్లే పద్ధతి కూడా అదే. అంటే వాళ్లు పాడుబడిందనుకున్న భాషలోనే కోట్ల మంది పిల్లల సెలవులు రాసి ఉన్నాయి. పని చేసుకోవడానికి ఆ చిప్పుకున్న మెమరీ 8 కిలోబైట్లు, బొమ్మలకు మరో 8. టెట్రిస్ క్యాట్రిడ్జ్ మొత్తం 32 కిలోబైట్లు. పొద్దున్నే మనకు వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో అంతకన్నా బరువుంటుంది. ఆ ఇరుకులో ఆట రాసినవాడు ప్రతి బైటునూ పేరుపెట్టి పిలవగలడు.

అన్నయ్య పెట్టె తెర మీద కొన్ని నిలువు గీతలు మాయమయ్యాయి. తెరను బోర్డుకు కలిపే సన్నటి పట్టీ అతుకు కాలం గడిచేకొద్దీ వదులై, పాత గేమ్ బాయ్‌లు చాలా ఇలా అవుతాయి. గవర్నర్‌పేటలో ఓ సెల్‌ఫోన్ రిపేరు కొట్టుకు తీసుకెళ్లాను. ఆ కుర్రాడు దీన్ని ఎన్నడూ చూడలేదు. మూడు రెక్కల మరలకు సరిపోయే బిట్ డబ్బాలోంచి వెతికి తీశాడు, రెండు ముక్కలుగా విప్పాడు, కాసేపు తేరిపార చూశాడు.

"ఇప్పటి ఫోన్లు విప్పాలంటే ముందు వేడిపెట్టి గమ్ము కరగబెట్టాలి సార్. ఇదేంటి, మరలు తిప్పితే వచ్చేసింది! లోపల అంతా కనపడతానే ఉంది."

పట్టీ మీద సోల్డరింగ్ ఐరన్‌ని మెల్లగా నడిపించాడు. గీతలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. డబ్బులు తీసుకోవడానికి మొహమాటపడ్డాడు. "నేను చేసిందేముంది సార్, అదే బాగయింది" అన్నాడు.

దీని పక్కన గేమ్ గేర్ గతి చూడండి. ఆ రోజుకు కొత్తగా ఉన్న చిన్న కెపాసిటర్లు అందులో వాడారు. ఏళ్లు గడిచాక అవి కారిపోయి బోర్డును తినేయడం మొదలుపెట్టాయి. ఇవాళ పాత గేమ్ గేర్ కొన్నవాళ్లు ముందుగా చేసే పని వాటన్నిటినీ పీకి కొత్తవి అతికించడం. గేమ్ బాయ్‌లలో ఒకటి గల్ఫ్ యుద్ధంలో పైచిప్ప కాలి కరిగి మాడిపోయాక కూడా పనిచేసింది. న్యూయార్క్‌లోని నింటెండో దుకాణంలో దాన్ని ఏళ్ల తరబడి ప్రదర్శనకు పెట్టారు, టెట్రిస్ ఆడుతూనే ఉండేది. కొత్తదనం అప్పుగా తెచ్చుకున్న సొమ్ము. గేమ్ గేర్ ఆ అప్పు తీర్చాల్సి వచ్చింది, గేమ్ బాయ్ అసలు అప్పే చేయలేదు.

పాతదానికి ఇంకో బలం ఉంది, అది జనానికి అలవాటవడం. 1996 ఫిబ్రవరి 27న, గేమ్ బాయ్ వచ్చి దాదాపు ఏడేళ్లయ్యాక, అందరూ దాని పని అయిపోయిందనుకుంటున్న వేళ, పోకేమాన్ రెడ్, గ్రీన్ ఆటలు జపాన్‌లో విడుదలయ్యాయి. చిన్నప్పుడు టోక్యో శివార్లలో పురుగులు పట్టుకుని తిరిగిన సతోషి తజిరి మనసులో ఆ ఆట పుట్టింది. గేమ్ బాయ్‌లను జంటగా కలిపే తీగ అప్పటిదాకా ఎక్కువగా పోటీపడి ఆడుకోవడానికే ఉండేది. ఆ తీగ మీద ఓ పురుగు ఇటు నుంచి అటు పాకుతున్నట్టు ఆయన ఊహించుకున్నాడు. ఆటలో పట్టుకోవాల్సిన జీవుల్లో కొన్ని రెడ్‌లోనే, కొన్ని గ్రీన్‌లోనే. అన్నీ కావాలంటే ఇంకొకడితో మార్చుకోవాలి. కొట్లాటకు వేసిన తీగ ఇచ్చిపుచ్చుకోవడానికి మారింది. యోకోయ్ చెప్పిన పక్కదారి ఇదే, ఈసారి వేరొకరు నడిచారు. ఏడేళ్లు ఒకే యంత్రం కదలకుండా నిలబడితేనే అలాంటి ఊహకు వ్యవధి దొరుకుతుంది.

ఇంతా చెప్పి దీన్ని మంత్రం చేసేస్తే అబద్ధమవుతుంది. అదే యోకోయ్ 1995లో వర్చువల్ బాయ్ తెచ్చాడు. చౌకైన ఎర్ర దీపాలతో లోతు కనిపించే బొమ్మలు చూపాలన్నది ఆలోచన. ఎరుపు తప్ప వేరే రంగు లేదు, కళ్లు లాగేవి, ఏడాది తిరక్కుండానే దాన్ని ఆపేశారు. సూత్రం అదే, ఫలితం వేరు. 1996లో ఆయన నింటెండో వదిలి సొంత కంపెనీ పెట్టాడు. 1997 అక్టోబర్ 4న రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. ఇక గేమ్ బాయ్‌లోనూ వంకలున్నాయి. బొమ్మ వేగంగా కదిలితే వెనక నీడ మరకలా సాగుతుంది. పోకేమాన్ క్యాట్రిడ్జ్‌లో ఆటను గుర్తుపెట్టుకునే గుండ్రటి సెల్లు ఉంటుంది. అది చచ్చిననాడు పిల్లాడు నెలల తరబడి పెంచుకున్న జీవులన్నీ పోతాయి. అన్నయ్య క్యాట్రిడ్జ్‌లోవి ఎప్పుడో పోయాయి.

అసలు విడ్డూరం ఇప్పుడు జరుగుతోంది. 2021లో అనలాగ్ పాకెట్ అనే కొత్త పెట్టె వచ్చింది. దాని తెర 1600×1440 చుక్కలు. గేమ్ బాయ్‌ది 160×144. అంటే పాత చుక్క ఒక్కోదానికి వంద కొత్త చుక్కలు. ఆ వంద చుక్కలూ కలిసి చేసే పనుల్లో ఒకటి, పాత తెర పచ్చదనాన్ని, గళ్ల మధ్య సందులను అచ్చం అలాగే నటించడం! ఇంకోవైపు, చౌకగా దొరికే చైనా పెట్టెల్లో ఓ మెమరీ కార్డు మీద వేల ఆటలు నింపి అమ్ముతున్నారు. మా తిరునాళ్ల కొట్టువాడు చెప్పిన 9999 ఇన్ 1 ఇన్నాళ్లకు నిజమైంది. అలాంటిది ఒకటి మా స్టాఫ్ రూమ్‌లో ఓ మిత్రుడి దగ్గరుంది. లంచ్ అవర్లో ఆయన జాబితా మీద కిందికీ పైకీ తిరుగుతుంటాడు. ఏది ఆడాలో తేలేలోపు బెల్లు కొడతారు. ఒక్క క్యాట్రిడ్జ్ పెట్టి ఆడినవాడికి ఈ బాధ లేదు, పెట్టిందే ఆడాలి కాబట్టి. పాత వస్తువు బొమ్మను కొత్త యంత్రంలో దింపుకోవచ్చు. ఏది వదిలేయాలో నిర్ణయించుకున్న ఆ మేస్త్రీ తెలివి మాత్రం కార్డు మీదికి ఎక్కదు.

విద్యార్థులకు నేనిప్పుడు 8085 పునాది అని చెప్పడం మానేశాను. గేమ్ బాయ్‌ని క్లాసుకు తీసుకెళ్లి చూపించే పనీ పెట్టుకోలేదు. అది మళ్లీ ముచ్చటైపోతుంది, ఫొటోలు తీసుకుని మర్చిపోతారు. మారింది ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు వైవాలో నేనడిగే ప్రశ్న. మా కాలేజీలో, బహుశా అన్ని కాలేజీల్లోనూ, "మీ ప్రాజెక్టులో కొత్తదనం ఏమిటి?" అన్నది ఆనవాయితీ ప్రశ్న. దానికి పిల్లలు బట్టీపట్టిన జవాబుతోనే వస్తారు. నేను "ఇందులో పాతదేముంది?" అని అడుగుతున్నాను. మొదట బిత్తరపోతారు, అది నిందేమోనని. వివరించాక కొందరు సర్దుకుని ఆలోచిస్తారు. ఏ భాగం నలిగి నలిగి నమ్మకమైంది, దేని లోటు మీకు ముందే తెలుసు, సెల్లు అయిపోతే ఏమవుతుంది, పదేళ్ల తర్వాత ఎవరైనా దీన్ని విప్పగలరా? మొన్న ఓ అమ్మాయి కాసేపు ఆలోచించి, పొలంలో తేమ కొలిచే తన పరికరానికి ఖరీదైన తెర తీసేసి, మూడు చిన్న లైట్లు పెట్టొచ్చని తనే చెప్పింది. రైతుకు కావలసింది తడి ఉందా, చాలదా, మరీ ఎక్కువైందా అన్నదే కదా సార్ అంది. కొత్తదనం కాలమ్‌లో ఆమెకు ఎన్ని మార్కులు వేయాలో మాకు తోచలేదు. ఆ కాలమ్‌ని ఏం చేయాలన్నదే ఇప్పుడు స్టాఫ్ రూమ్‌లో మా చర్చ.